ఖరగ్‌పూర్‌లో అప్పగింతలు

ఆషాఢం వచ్చిందంటే ఒకప్పుడు మన ఇళ్లల్లో కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింటికి వచ్చే సందడి. ఇప్పుడు ఆ రోజుల్లోనే ఇంకో సందడి కూడా చేరింది. ఇంటరు పూర్తి చేసిన పిల్లలు పెట్టెలు సర్దుకుని ఇల్లు వదిలి వెళ్లే సందడి! సీట్ల కేటాయింపు అయిపోయి, ఏ ఊళ్లో చేరాలో తెలిసిన దగ్గర్నుంచీ తల్లికి కంటిమీద కునుకుండదు. బకెట్టు ఇక్కడే కొనాలా, అక్కడ దొరుకుతుందా? పచ్చడి దారిలో కారిపోదు కదా? భాష రాని ఊళ్లో పిల్ల ఎలా నెగ్గుకొస్తుంది? రోజంతా ఇవే ఆలోచనలు.

మా ఇంట్లోనూ ఇదే తంతు. మా అమ్మాయికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో సీటొచ్చింది. చేర్పించడానికి మావారూ, నేనూ వెంట వెళ్లాం. రెండు రోజులు అక్కడే ఉండి, చూడాల్సినవి చూసి, వినాల్సినవి విని వచ్చాం. ఈ ఏడు మీరూ అలాంటి ప్రయాణం కట్టబోతుంటే ఈ కబుర్లు పనికొస్తాయని రాస్తున్నాను. మీ పిల్లలు చేరేది వరంగల్లో అయినా, తిరుచ్చిలో అయినా ఊరు మారుతుంది గానీ తల్లి గుండెదడ మారదు కదండీ!

రైలెక్కింది మొదలు...

మన వైపు నుంచి ఖరగ్‌పూర్‌కి రైళ్లకి కొదవ లేదు. విజయవాడ, రాజమండ్రి, విశాఖ మీదుగా కలకత్తా వైపు వెళ్లే కోరమండల్, ఫలక్‌నుమా లాంటి పెద్ద రైళ్లన్నీ అక్కడ ఆగుతాయి. కలకత్తాకి దాదాపు 115 కిలోమీటర్ల ముందే దిగిపోతాం. విమానంలో కలకత్తా వెళ్లి మళ్లీ వెనక్కి రావచ్చనుకోండి. కానీ పెట్టె, పరుపు, పచ్చళ్ల డబ్బాలతో వెళ్లే మనలాంటి వాళ్లకి రైలే సుఖం.

కిటికీ పక్కన కూచుంటే ఈ దారి ఎంత బాగుంటుందో చెప్పలేను. పలాస దాటాక జీడితోటలు, ఇచ్ఛాపురంతో మన రాష్ట్రం సరి. బరంపురం స్టేషన్లో ఇంకా తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత చిలక సరస్సు రైలు పక్కనే కాసేపు మనతో పాటు పరుగెడుతుంది. కటక్ దగ్గర మహానది, జలేశ్వర్ దగ్గర సువర్ణరేఖ. వానాకాలం కాబట్టి రెండూ నిండుగా ఉంటాయి. సువర్ణరేఖ దాటాక కొద్దిసేపటికే బెంగాల్. వరిచేలు, ప్రతి ఇంటి పక్కనా ఓ చెరువు, చెరువు గట్టున అరటిచెట్లు... మన కోనసీమ గుర్తొస్తుంది. ఖరగ్‌పూర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేల రంగు మారిపోయి ఎర్రమట్టి కనబడుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఖరగ్‌పూర్‌కి కొంచెం ముందు హిజ్లీ అని మరో స్టేషను ఉంది. కొన్ని రైళ్లు ఖరగ్‌పూర్ వెళ్లకుండా హిజ్లీలోనే ఆగుతాయి. మీ టిక్కెట్టు మీద ఏ పేరుందో ముందే చూసుకోండి. రెండు చోట్ల నుంచీ కాలేజీకి ఆటోలు దొరుకుతాయి. ఖరగ్‌పూర్ స్టేషను నుంచి దాదాపు 5 కిలోమీటర్లు. “పూరీ గేట్” అంటే చాలు, ఆటో అతను తీసుకెళ్లిపోతాడు.

అన్నట్టు, ఖరగ్‌పూర్ స్టేషన్లో ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్ల పైచిలుకు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని మనం జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టిందే! 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. దాటితే దాటాయి గానీ సామాన్లు మోసుకుంటూ ఆ చివర్నుంచి ఈ చివరకి నడిస్తే తెలుస్తుంది, అది ఇప్పటికీ ఎంత పొడవో!

మనకి మరీ కొత్త ఊరేం కాదు

“భాష రాని ఊరు” అని నేను బెంగపడినంత సేపు పట్టలేదు, ఆ బెంగ తీరడానికి. స్టేషను బయట టీ కొట్టు దగ్గర ఇద్దరు ముసలమ్మలు శ్రీకాకుళం యాసలో పోట్లాడుకుంటున్నారు! నాకైతే ప్రాణం లేచొచ్చింది.

సంగతేమిటంటే, 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు ఇక్కడ స్టేషను, ఆ తర్వాత పెద్ద వర్క్‌షాపు కట్టినప్పుడు ఉత్తరాంధ్ర నుంచి ఎంతోమంది పనికోసం వచ్చి స్థిరపడ్డారు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మన రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారున్నారే, ఆయన 1920ల చివర్లో ఈ రైల్వే కార్మికుల ఉద్యమానికి నాయకత్వం వహించినవారే. గోల్ బజారు వైపు వెళ్లారంటే అటు బెంగాలీ, ఇటు హిందీ, మధ్యలో తెలుగు... మూడూ వినబడతాయి.

కాబట్టి పిల్ల మరీ పరాయిదేశం వెళ్లిపోతోందని దిగులు పడకండి. కానీ ఊళ్లో మనవాళ్లున్నారు కదా అని పిల్లని వాళ్లకీ వీళ్లకీ కట్టబెట్టి, “ఆదివారం ఆదివారం ఆంటీ ఇంటికి వెళ్లు” అని షరతులు పెట్టకండి. దాని స్నేహాలు అది వెతుక్కుంటుంది.

నిర్బంధ శిబిరం నుంచి చదువుల గుడి దాకా

గేటు దాటి లోపలికి వెళ్తే కాలేజీ అన్న మాట చిన్నదనిపిస్తుంది. రెండు వేల ఎకరాలకు పైగా స్థలం! పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద సైకిళ్ల మీద పిల్లలు. ఇక్కడ హాస్టల్‌ని “హాల్” అంటారు. లోపలే బజారు, బ్యాంకు, పోస్టాఫీసు, ఆస్పత్రి, ఆటస్థలాలు. లోపలున్న ఒక చుట్టుదారిని పిల్లలు “టూ పాయింట్ టూ” అంటారు. దాని పొడవు 2.2 కిలోమీటర్లట, అందుకని ఆ పేరు.

మీరు తప్పకుండా చూడాల్సింది పాత భవనం. ఈ ఐ.ఐ.టి. మన దేశంలో మొట్టమొదటిది. 1951 ఆగస్టు 18న అప్పటి విద్యామంత్రి మౌలానా ఆజాద్ ప్రారంభించారు. మొదట్లో తరగతులు నడిచింది ఈ పాత భవనంలోనే. కానీ అంతకుముందు అది బ్రిటిష్ వాళ్ల హిజ్లీ నిర్బంధ శిబిరం. స్వాతంత్ర్యం కోసం పోరాడేవాళ్లని విచారణ కూడా లేకుండా తెచ్చి ఇక్కడ పడేసేవారు. 1931 సెప్టెంబరు 16న పోలీసులు ఆయుధాల్లేని ఖైదీల మీద కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు చనిపోయారు. రవీంద్రనాథ్ టాగూర్ తీవ్రంగా నిరసించారు. సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చి వాళ్ల దేహాలను తీసుకెళ్లారు. ఇప్పుడా భవనాన్ని హిజ్లీ షహీద్ భవన్ అంటున్నారు. లోపల నెహ్రూ పేరుతో సైన్సు మ్యూజియం ఉంది.

హిజ్లీలో ఆడవాళ్లనీ నిర్బంధించారని తెలిసి ఆశ్చర్యపోయాను. చిట్టగాంగ్ వీరులకి తన ఇంట్లో ఆశ్రయమిచ్చిన సుహాసినీ గంగూలీ 1932 నుంచి 1938 దాకా ఇక్కడే బందీగా ఉన్నారు. ఆరేళ్లు! ఆడపిల్లల్ని తాళాలు వేసి ఉంచిన చోటికి ఇప్పుడు మన ఆడపిల్లలు తమ ర్యాంకుతో తాము నడిచి వస్తున్నారు. ఐ.ఐ.టి.ల్లో అమ్మాయిలు మరీ తక్కువగా ఉన్నారని 2018 నుంచి వాళ్ల కోసం అదనపు సీట్లు పెట్టారు. ఆ ఏడు కనీసం 14 శాతం అమ్మాయిలుండాలని మొదలుపెట్టి 2020 నాటికి దాన్ని 20 శాతం చేశారు. మీ అమ్మాయికి సీటొస్తే, “ఆడపిల్లని అంత దూరమా?” అన్న చుట్టాలకి ఈ సంగతి చెప్పండి.

అమ్మాయిల హాల్‌కి ఉన్న పేరు చూసి నాకు మరీ సంతోషమైంది... సరోజినీ నాయుడు! బెంగాలీ తల్లిదండ్రులకి మన హైదరాబాదులో 1879లో పుట్టి, తెలుగాయన గోవిందరాజులు నాయుడు గారిని పెళ్లాడిన సరోజినీ దేవి. ఆవిడ చదువు కోసం ఇంగ్లండు ఓడ ఎక్కినప్పుడు ఎన్నేళ్లనుకున్నారు? పదహారు! అది 1895వ సంవత్సరం. ఫోనా, పాడా? ఉత్తరం రాస్తే ఓడ మీద వెళ్లి ఓడ మీద రావాలి. ఆ తల్లి వరదసుందరీ దేవి ఎలా నిబ్బరించుకుందో గానీ, మన చేతిలో వీడియో కాలు పెట్టుకుని మనం కళ్లు ఒత్తుకోవడం కొంచెం ఎక్కువే అనిపించింది.

చేరే రోజున

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే జాతరలా ఉంటుంది. అన్ని రాష్ట్రాల జనం, అన్ని రకాల పెట్టెలు. ఫైలు చంకలో పెట్టుకున్న నాన్నలు, మంచినీళ్ల సీసా పట్టుకున్న అమ్మలు. సీనియరు పిల్లలు దారి చూపిస్తూ ఎదురొస్తారు. కొత్తగా చేరిన పిల్లలకి తోడుగా ఉండటానికి స్టూడెంట్ వెల్ఫేర్ గ్రూప్ అని విద్యార్థుల సంఘం ఉంది. సీనియర్లు కొత్తవాళ్లకి సలహాలిచ్చే పద్ధతి వాళ్లు నడుపుతారు. మా పిల్ల ట్రంకు పెట్టె మోసిన అబ్బాయి పంజాబీ. “ఆంటీజీ, మీరు కూచోండి” అని అతను కుర్చీ వేస్తే నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

కాయితాల విషయంలో రెండు జాగ్రత్తలు. ఒరిజినల్ సర్టిఫికెట్లకి జిరాక్సులు రెండు మూడు సెట్లు, ఫోటోలు ఓ డజను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి. ఆ ఫైలు మాత్రం నాన్నగారి చేతికివ్వకుండా పిల్ల చేతికే ఇవ్వండి. వరసలో పిల్లనే నిలబడనివ్వండి. ఒక కాయితం తక్కువైతే ఎవర్ని అడగాలో అదే కనుక్కుంటుంది. అదే దానికి మొదటి పాఠం.

ర్యాగింగ్ భయం మీకుండే ఉంటుంది, నాకూ ఉండింది. మన రాష్ట్రంలో దాని మీద 1997లోనే చట్టం వచ్చింది. దేశమంతటా కాలేజీలకి 2009లో యు.జి.సి. కఠినమైన నిబంధనలు పెట్టింది. పిల్లలూ, తల్లిదండ్రులూ ఇద్దరూ హామీపత్రం ఇవ్వాలి. అది ఊరికే సంతకం పెట్టి పారేసే కాయితం కాదు, చదివి పెట్టండి. రాత్రీ పగలూ పనిచేసే సహాయం నంబరు 1800-180-5522. ఇది మీ ఫోన్లోనూ, పిల్ల ఫోన్లోనూ ఎక్కించండి.

సామాన్ల సంగతి

నాలాగే మీకూ ఇల్లంతా మూటగట్టి పంపాలనిపిస్తుంది. పరుపు, బకెట్టు, మగ్గు, దోమతెర, హ్యాంగర్లు, తాళం... ఇవన్నీ లోపలున్న టెక్ మార్కెట్లోనూ, ఊళ్లోనూ దొరుకుతాయి. ఇంటి నుంచి మోయక్కర్లేదు. దోమతెర మాత్రం మొదటి రోజే కొనండి. బెంగాలు వానాకాలం, దోమలు మామూలుగా ఉండవు. సైకిలు కూడా తప్పనిసరి. తరగతికీ తరగతికీ మధ్య దూరాలు అలాంటివి మరి! వెళ్లే ముందే మన వీధిలో నాలుగు రోజులు సైకిలు తొక్కించండి. ఇంటరు రెండేళ్లూ కుర్చీకి అతుక్కున్న పిల్లలకి కాళ్లు వదులవ్వాలి కదా.

మామూలు మందులు ఒక డబ్బాలో పెట్టి, ఏది దేనికో తెలుగులో చీటీ రాసి అతికించండి. లోపలే బి.సి.రాయ్ పేరుతో ఆస్పత్రి ఉంది. దాన్ని పిల్లతో కలిసి ఒకసారి నడిచి చూసి రండి. జ్వరమొచ్చినప్పుడు దారి వెతుక్కోకూడదు. ఆడపిల్లకి మూడు నెలలకి సరిపడా ప్యాడ్లు పెట్టడం మాత్రం మరిచిపోవద్దు.

ఇక తిండి. అక్కడ వంటల్లో ఆవనూనె వాసన మన పిల్లలకి మొదట్లో కొట్టినట్టుంటుంది. బంగాళాదుంపలు గసగసాలతో చేసే ఆలూ పోస్తో తిన్నారంటే మాత్రం ఇష్టపడతారు. మరమరాల్ని మనం పిడతకింద పప్పులో వేసుకుంటే వాళ్లు పూటపూటా తింటారు! మెస్సులో అన్నీ ఉంటాయి గానీ మొదటి నెల ఇంటి రుచి ఒకటి పక్కనుంటే ధైర్యం. వానాకాలం తేమకి పచ్చళ్లకంటే పొడులు నయం. నేను పెట్టిన కందిపొడి లెక్క చెబుతాను, రాసుకోండి.

కందిపప్పు 2 గ్లాసులు, శనగపప్పు అర గ్లాసు, ఎండు మిరపకాయలు 15, జీలకర్ర 2 చెంచాలు, ఉప్పు తగినంత. పప్పులు విడివిడిగా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా నూనె లేకుండా వేయించాలి. మిరపకాయలు, జీలకర్ర ఆఖర్న. పూర్తిగా చల్లారాకే పొడి చేయాలి. వేడి మీద చేస్తే డబ్బాలో చెమ్మ పట్టి పాడవుతుంది. ఎక్కువ రోజులు ఉండాలంటే వెల్లుల్లి వెయ్యకండి. ఒకే పెద్ద డబ్బాలో కాకుండా చిన్న చిన్న పొట్లాలు కట్టండి. ఒకటి విప్పినా మిగతావి తాజాగా ఉంటాయి.

ఒక పొట్లం అదనంగా పెట్టండి... గదిలో ఉండే ఇంకో అమ్మాయికి. మా పిల్ల గదిలో చేరింది బాంకురా జిల్లా పిల్ల. వాళ్లమ్మ ఓ రేకుడబ్బా నిండా మరమరాలు, ఇంకో డబ్బాలో కొబ్బరి, బెల్లంతో చేసిన ఉండలు తెచ్చింది. మన కొబ్బరి లౌజే! వాళ్లు “నాడూ” అంటారట. నేను సున్నుండలు తీశాను. ఆవిడకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు, ఇద్దరికీ వచ్చిన హిందీ అంతంతే. అయినా ఆవిడ నన్ను “దీదీ” అంది. రెండు మంచాల మధ్య నిలబడి ఆవిడ మా అమ్మాయి దుప్పటి సర్దింది, నేను వాళ్లమ్మాయి దోమతెర కట్టాను. ఎందుకలా మారిపోయామో ఇద్దరికీ తెలీదు. మా పిల్లలు మాత్రం మమ్మల్ని చూసి నవ్వుకున్నారు.

తల్లిదండ్రుల సభలో

ఓరియంటేషన్ అంటే పరిచయ సభ అన్నమాట. అధ్యాపకులు మాట్లాడతారు, నియమాలు చెబుతారు, మనల్ని ప్రశ్నలు అడగమంటారు. మా వెనక వరసలోంచి మనవైపు నాన్నగారొకరు లేచి, రాత్రిపూట స్టడీ అవర్లు ఎవరు చూస్తారని అడిగారు. ఎవరూ చూడరని జవాబొచ్చింది. పొద్దున్నే పిల్లల్ని ఎవరు లేపుతారని ఇంకో తల్లి అడిగింది. దానికీ అదే జవాబు! హాలంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకో మీకు తెలుసు. మన పిల్లల్లో చాలామంది ఇంటరు రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే చదివినవాళ్లు. ఫోను లేదు, బజారు లేదు, బట్టలు ఉతుక్కునే పని కూడా కొందరికి లేదు. వారం వారం పరీక్ష, గోడమీద మార్కుల పట్టిక. అలాంటి పిల్ల ఒక్కసారిగా గంట కొట్టని చోటికి వచ్చి పడుతుంది. చేతిలో ఫోను, బ్యాంకులో డబ్బు, తలుపు తీసే ఉంటుంది. అడిగేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ తను క్లాసులో మొదటిది. ఇక్కడ గదిలో ఉన్న ప్రతి పిల్లా ఎక్కడో ఒకచోట మొదటిదే! మొదటి పరీక్షలో తక్కువ మార్కులు రావడం చాలామందికి జరిగేదే. పిల్లని కుంగదీసేది ఆ మార్కులు కాదు, ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలన్న భయం. చెప్పలేక ఫోనెత్తడం మానేస్తారు. “బిజీగా ఉన్నానమ్మా” అంటారు. మనం నిజంగానే చదువుకుంటోందని మురిసిపోతాం.

పిల్లలు లోలోపల నలిగిపోయి చేయిదాటిపోయిన వార్తలు పేపర్లో చదివి మనమెన్నిసార్లు ఉలిక్కిపడ్డామో చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ సభలో అడగాల్సింది స్టడీ అవర్ల గురించి కాదు. ఈ ప్రశ్నలు రాసి తీసుకెళ్లండి.

మనసు బాగోలేకపోతే పిల్ల ఎక్కడికెళ్లాలి? ఖరగ్‌పూర్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, అది ఎక్కడో మ్యాపులో చూపించమనండి. పిల్లకి కేటాయించిన అధ్యాపకుడు లేక సలహాదారు ఎవరు? హాల్ వార్డెన్ ఎవరు, అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తేది ఎవరు? ఒక సబ్జెక్టు తప్పితే మళ్లీ రాసే దారి ఏమిటి? ఈ చివరి ప్రశ్నని పిల్ల పక్కనుండగానే అడగండి. “తప్పితే దారి ఉంది” అన్న మాట దాని చెవిన పడాలి. “అమ్మే అడిగింది” అన్నది దానికి గుర్తుండాలి.

2025లో ఇక్కడి వాళ్లు “క్యాంపస్ మదర్స్” అని ఒక పథకం ప్రకటించారు. లోపల నివసించే అధ్యాపకురాళ్లు, ఉద్యోగినులు పిల్లలకి అమ్మల్లా తోడుండాలని ఉద్దేశం. ఇలాంటి పనికి శిక్షణ పొందిన నిపుణులే కావాలి, పైగా అమ్మతనమంతా ఆడవాళ్ల నెత్తినే ఎందుకని కొందరు విమర్శించారు. ఆ వాదన ఎలా ఉన్నా, ఒక మాట నిజం. నిపుణులెంతమంది ఉన్నా, తక్కువ మార్కులొచ్చిన సంగతి చెప్పుకోవడానికి పిల్లకి మొదట కావలసింది తన ఇంట్లో ఒక మనిషి.

అసలైన అప్పగింతలు

పెళ్లిలో అప్పగింతలు చూశారుగా... పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. “ఇక నుంచి మీ పిల్ల” అంటారు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏడుస్తారు. కాలేజీలో దిగబెట్టేటప్పుడూ మనకి అదే అలవాటు. వార్డెనుకో, సీనియరుకో, తెలిసిన తెలుగువాళ్లకో “కాస్త చూస్తుండండి” అని చేతిలో చెయ్యి పెట్టేదాకా మనసు ఒప్పదు.

కానీ ఇక్కడ పిల్లని అప్పగించాల్సింది వేరెవరికీ కాదండీ. పిల్లని పిల్లకే అప్పగించాలి! దాని నిద్ర, దాని తిండి, దాని డబ్బు, దాని స్నేహం, దాని తప్పులూ... ఇవన్నీ ఇక దానివే. మగపిల్లాడైనా ఇంతే సుమా. వాడికి బట్టలు ఉతకడం, బొత్తాం కుట్టడం వెళ్లే ముందే నేర్పండి. “పెళ్లాం వచ్చి చూసుకుంటుంది” అనుకునే రోజులు కావివి.

అలాగని వదిలేసి చేతులు దులుపుకోమని కాదు. వచ్చే ముందు పిల్లతో ఒక పావుగంట ఏకాంతంగా కూచోండి. జాగ్రత్తల చిట్టా విప్పకండి, అవన్నీ దానికి కంఠతా వచ్చు. మూడే మాటలు చెప్పండి. మార్కులు తగ్గినా నువ్వు మాకు తగ్గవు. ఏ తప్పు జరిగినా మొదటి ఫోను మాకే చెయ్యి, తిట్లు తర్వాత చూసుకుందాం. ఈ చదువు నీకు పడటం లేదనిపిస్తే ఇంటికి వచ్చెయ్యి, ఇంకో చదువు చూద్దాం. ఈ మూడో మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎన్నేళ్ల కష్టం, ఎంత ఫీజు, ఎంతమంది చుట్టాలకి చెప్పుకున్నాం! అయినా గొంతు పెగల్చుకుని చెప్పండి. మా అమ్మాయి ఆ మాట విని, “అంత సీనేం లేదులే అమ్మా” అని నవ్వేసింది. నవ్వితే నవ్వింది, విన్నది కదా!

తిరుగు రైలెక్కాక

వచ్చేటప్పుడు చేతిలో సామాను ఉండదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచదు. కంగారు పడకండి, ఆ వెలితి అందరికీ ఉండేదే. గంట గంటకీ ఫోను చేయాలనిపిస్తుంది, ఆపుకోండి. ఏ రోజు, ఏ వేళకి మాట్లాడుకుందామో పిల్లనే చెప్పమనండి. మాట్లాడేటప్పుడు “తిన్నావా, చదివావా” అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టకండి. “ఈ వారం ఎవరితో నవ్వావు?” అని అడిగి చూడండి. దానికి గబుక్కున జవాబొస్తే పిల్ల బాగుందన్నమాటే. వరసగా రెండు మూడు వారాలు జవాబు రాకపోతే, ఫోనుతో ఆగకుండా రైలెక్కండి. చదువు పాడవుతుందని మొహమాటపడకండి.

బెంగాల్లో దుర్గాపూజే పెద్ద పండగ. అప్పుడు కాలేజీకీ కొన్నాళ్లు సెలవులిస్తారు. దీపావళికి మాత్రం పిల్లని ఇంటికి రమ్మని బలవంతం చేయకండి. ఆ రాత్రి ఖరగ్‌పూర్‌లో హాళ్ల మధ్య దీపాల పోటీ జరుగుతుంది. వెదురు తడికల మీద వేలాది ప్రమిదలు అమర్చి, వాటితో పురాణ కథల బొమ్మలు వెలిగిస్తారు. పక్కనే ముగ్గుల పోటీ. వారాల తరబడి పిల్లలంతా కలిసి చేసే పని అది. మన పిల్ల ఎవరితో నవ్వుతోందో తెలిసేది అక్కడే!

రైల్వే రిజర్వేషన్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులుండేది. దసరాకి ఈ దారిలో రైళ్లు కిటకిటలాడతాయి కాబట్టి ఇంటికి చేరగానే క్యాలెండర్లో సెలవుల తేదీ నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. ఆ రోజు పొద్దున్నే పిల్లకి గుర్తుచెయ్యండి, అంతే. టిక్కెట్టు మాత్రం దాన్నే తీసుకోనివ్వండి. మీరీలోగా కందిపప్పు ఎండలో పెట్టుకోండి. ఈసారి రెండు గదులకి సరిపడా కావాలంటారు, చూస్తూ ఉండండి!